పిల్లాడు చెయ్యి ఆనించి పడ్డాడా? మణికట్టు సమస్యలు, పరిష్కారాలు

సమస్య: వాపు పెద్దగా లేదు, వేళ్లు ఆడుతున్నాయి. కానీ దోశ ఎడమచేత్తో తుంచుకుంటున్నాడు.

వేళ్లు కదిలితే ఎముక విరగనట్టేనని మన ఇళ్లలో గట్టి నమ్మకం. తప్పు. పిల్లల ఎముక పచ్చి వేపపుల్ల లాంటిది, పుటుక్కున విరగదు. ఒకవైపు నొక్కుకుపోయి ఉబ్బితే బకిల్ ఫ్రాక్చర్. ఒకవైపు చీలి, రెండోవైపు వంగితే గ్రీన్‌స్టిక్.

ఎక్స్‌రే తీయించండి. బకిల్ అయితే విప్పుకోగలిగే స్ప్లింట్ (చేతిని కదలనీకుండా పట్టే గట్టి పట్టీ) మూడు వారాలు చాలు. చెన్నైవాళ్లు మావుకట్టు అనే మన పిండికట్టు అక్కర్లేదు. బ్రిటన్‌లో 965 మంది పిల్లల మీద చేసిన పరిశోధన 2022లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది: మెత్తటి బ్యాండేజీతో ఇంటికి పంపినా, గట్టి కట్టు వేసినా మూడోరోజుకి నొప్పిలో తేడా లేదు. గ్రీన్‌స్టిక్‌కి మాత్రం సాధారణంగా పిండికట్టే.

సమస్య: మణికట్టు పైన మెట్టు దిగినట్టు వంకర.

ఎముక జరిగింది. లాగొద్దు, నూనె రాయొద్దు. అట్ట ముక్క ఆనించి గుడ్డతో వదులుగా కట్టి తీసుకెళ్లండి. మత్తిచ్చి సరిచేయాల్సి రావచ్చు కాబట్టి దారిలో బిస్కెట్టు కూడా పెట్టకండి. తర్వాత కట్టు నాలుగు నుంచి ఆరు వారాలు.

సమస్య: ఎక్స్‌రే బాగానే ఉందన్నారు, ఎముక చివర నొక్కితే మాత్రం కెవ్వుమంటున్నాడు.

అక్కడ ఎముకను పెంచే మృదులాస్థి పొర ఉంటుంది. ఎక్స్‌రేలో కనబడదు. విరిగినట్టే లెక్కేసి స్ప్లింట్ వేయించి, వారం పది రోజుల్లో మళ్లీ చూపించండి. ఆ పొర దగ్గర ఎముక జరిగిందని ముందే తేలితే మాత్రం ఆలస్యం వద్దు. వారం దాటాక సరిచేయబోతే పొరకే దెబ్బ తగలొచ్చు.

సమస్య: కట్టు వేశాక నొప్పి తగ్గకపోగా పెరుగుతోంది. వేళ్లు చల్లబడ్డాయి, పాలిపోయాయి, నిటారుగా చాపితే ఏడుస్తున్నాడు.

అన్నిటికన్నా ప్రమాదం ఇదే. లోపల వాపు పెరిగి, కట్టు బిగుసుకుని, రక్తం ఆడటం లేదు. అర్ధరాత్రైనా సరే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లి కట్టు చీల్పించండి; గంటల్లో కండరం చచ్చిపోతుంది. చెన్నైలో వీధికో పుత్తూరు కట్టు (ఎముకలకి నాటువైద్యులు వేసే కట్టు) బోర్డు. మా నానమ్మ కూడా ముందు అక్కడికే పదమంది. ఎక్స్‌రే చూడకుండా వెదురుబద్దలు బిగిస్తే వచ్చే ముప్పూ ఇదే, అందుకే పిల్లల చేతికి నేను ఒప్పుకోను.

సమస్య: కట్టు లోపల దురద.

చెమట. స్కేలు, పుల్ల దూర్చకండి. హెయిర్ డ్రయర్‌తో చల్లగాలి కొట్టండి.

సమస్య: కట్టు తీశాక చెయ్యి సన్నబడి, పొట్టు రాలుతూ, బిగుసుకుపోయింది.

మామూలే. మర్దన వద్దు. బకెట్లో గోరువెచ్చని నీళ్లు పోసి, మణికట్టు ఆడించుకోమనండి.