ప్లెయింటు కొట్టేస్తే అప్పీలు – 4వ పాఠం: ఎర్ర పెన్నుతో ఆర్డరు చదవడం

ప్లెయింటు (వాది వేసిన దావా పత్రం) తిరస్కరించిన ఆర్డరు సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 2(2) ప్రకారం డిక్రీ, అంటే కోర్టు తుది తీర్పు కిందే లెక్క, అందుకే రివిజన్ కాదు, సెక్షన్ 96 కింద అప్పీలే వేయాలని పోయిన పాఠంలో చూశాం. జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90. సర్టిఫైడ్ కాపీకి పట్టిన రోజులు మినహాయిస్తారు. కాపీకి ఆర్డరు వచ్చిన రోజే అప్లికేషన్ పెట్టేయండి, తర్వాత టెన్షన్ ఉండదు.

అభ్యాసానికి ఒక కేసు అల్లుకుందాం. మధురవాడలో 200 గజాల స్థలం, అన్నాచెల్లెళ్లిద్దరి పేరు మీద ఉంది. 2009లో చెల్లెలి సంతకం ఫోర్జరీ చేసి అన్న అమ్మేశాడు. 2019లో ఈసీ (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తే ఆవిడకు తెలిసింది. 2020లో దస్తావేజు రద్దుకు విశాఖలో దావా వేసింది. కొన్నవాళ్లు ప్లెయింటును మొదట్లోనే తిరస్కరించమని సీపీసీ ఆర్డర్ 7 రూల్ 11 కింద ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వేస్తే, కింది కోర్టు ఇలా రాసింది: "దస్తావేజు 2009లోనే రిజిస్టరైంది. పైగా 2012లోనే వాదికి నోటీసు ఇచ్చామని ప్రతివాదులు అంటున్నారు. దావాకు కాలదోషం పట్టింది."

ఇప్పుడు ప్రతి కారణం కిందా ఎర్ర గీత గీసి, అది ప్లెయింటులో ఏ పేరాలో ఉందో పక్కన రాయండి. 2012 నోటీసు ఎంత వెతికినా దొరకదు. అది ప్రతివాది మాట. రూల్ 11 దగ్గర ప్లెయింటు తప్ప ప్రతివాది వాదన చూడకూడదని సుప్రీంకోర్టు 2002లో సలీం భాయ్ కేసులో చెప్పింది. మీ మొదటి గ్రౌండు (అప్పీలుకు కారణం) దొరికినట్టే.

2009 తేదీ మాత్రం ప్లెయింటులోనే ఉంది. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. లిమిటేషన్ (కాలపరిమితి) చట్టం ఆర్టికల్ 59లో మూడేళ్లు మొదలయ్యేది రద్దు కోరడానికి కారణమైన సంగతి వాదికి తెలిసిన నాటి నుంచి. ప్లెయింటు ఏడో పేరాలో 2019 ఈసీ సంగతి ఉంది కదా, లెక్క అక్కడి నుంచే! అది నిజమో కాదో సాక్ష్యంలో తేలాలి. అలాగని ఏదో ఒక తేదీ రాసేస్తే గట్టెక్కుతామనుకోకండి; తెలివిగా అల్లిన ప్లెయింటును మొదట్లోనే తుంచేయమని సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ 1977లోనే రాశారు.

అప్పీలు ప్రేయర్‌లో (కోర్టును కోరే భాగంలో) ఆస్తి అడగొద్దు. ఆర్డరు రద్దు చేసి, దావాను మళ్లీ ఫైలుకు తీసుకుని విచారించమనండి, చాలు. అప్పీలు నెగ్గినా రిట్టెన్ స్టేట్‌మెంటు (ప్రతివాది జవాబు), ఇష్యూలు (తేల్చాల్సిన అంశాలు), సాక్ష్యం అన్నీ కింది కోర్టులో జరగాల్సిందే.

ఇంటిపని: ఇదే ప్లెయింటు తొమ్మిదో పేరాలో "2013లో భీమిలిలో పెద్దమనుషుల్లో పెడితే, నా వాటా డబ్బు ఇస్తానని అన్నయ్య ఒప్పుకున్నాడు" అని ఉందనుకోండి. ఇప్పుడు లిమిటేషన్ గ్రౌండు రాసి చూడండి. వచ్చే పాఠం ఆ పేరాతోనే మొదలుపెడదాం.