డ్రమ్స్ రికార్డింగ్: ఓవర్‌హెడ్ మైకులు బిగించేటప్పుడు జాగ్రత్తలు

ఓవర్‌హెడ్‌లు (కిట్ పైన బిగించే మైకులు) సింబల్స్, అంటే ఇత్తడి పళ్లేల కోసమే అనుకుని పైన ఎక్కడో రెండు మైకులు పెట్టేస్తే మిక్సింగ్‌కి కూర్చున్నప్పుడు తల పట్టుకోవాల్సి వస్తుంది. కిట్ మొత్తం కలిసి ఎలా మోగుతుందో పట్టేవి అవే. కిక్ (పెడల్‌తో కొట్టే పెద్ద డ్రమ్ము), స్నేర్ (కింద తీగలుండే చిన్న డ్రమ్ము) దగ్గరి మైకుల్లో తేడా వస్తే శాంపిల్ (ముందే రికార్డు చేసిన దెబ్బ) కలిపి సర్దుకోవచ్చు. ఓవర్‌హెడ్‌లలో స్నేర్ పల్చబడితే ఏ ఈక్యూతోనూ (ఫ్రీక్వెన్సీలు పెంచి తగ్గించే సాధనం) తిరిగి రాదు. టేక్‌కి ముందు అరగంట వీటికే కేటాయించండి.

ముందు కిట్టూ, శ్లాబూ

టైల్స్ మీద కిట్ వేస్తే కిక్ కొట్టే కొద్దీ ముందుకు జరుగుతుంది. పొద్దున కొలిచిన కొలత మధ్యాహ్నానికి పనికిరాదు. కింద మందపాటి జంపఖానా గానీ కార్పెట్ గానీ పరిచి, స్టూల్, హైహ్యాట్, స్నేర్ స్టాండ్ల కాళ్ల దగ్గర టేపుతో గుర్తులు వేయండి. సింబల్స్ ఎత్తు మార్చాలనిపిస్తే డ్రమ్మర్‌ని అడిగి మార్చండి. చెయ్యి అలవాటుపడిన ఎత్తు తప్పితే వాయింపే మారిపోతుంది.

మన ఇళ్లలో శ్లాబు తొమ్మిదిన్నర, పది అడుగుల ఎత్తులో ఉంటుంది. క్రాష్ సింబల్‌కి 80 నుంచి 100 సెంటీమీటర్ల పైన మైకు పెడితే శ్లాబుకీ మైకుకీ మధ్య మిగిలేది మూడడుగులే. పైకి వెళ్లిన శబ్దం శ్లాబుకి తగిలి కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా మైకులోకి దిగుతుంది. నేరుగా వచ్చిన శబ్దంతో కలిసినప్పుడు కొన్ని ఫ్రీక్వెన్సీలు కొట్టుకుపోయి, డబ్బాలో వాయించినట్టు వినబడుతుంది. మైకులకి సరిగ్గా పైన 2 x 4 అడుగుల రాక్‌వూల్ ప్యానెల్, నాలుగు అంగుళాల మందంది, వేలాడదీస్తే చాలావరకు తగ్గుతుంది. దాన్ని శ్లాబులోకి దిగిన యాంకర్ బోల్టులకే కట్టండి. ఫాల్స్ సీలింగ్ షీటుకి తగిలించారంటే అది డ్రమ్మర్ నెత్తిమీద పడే ప్రమాదం ఉంది.

ఇలాంటి గదుల్లో కార్డియాయిడ్ (ముందువైపే ఎక్కువగా వినే) మైకులే నయం. కిందికి చూపిస్తే వాటి వీపు శ్లాబు వైపు ఉంటుంది, అటునుంచి తక్కువ వింటాయి. రిబ్బన్ మైకులు (లోపల లోహపు రేకు ఉండేవి) చాలావరకు ముందూ వెనకా ఒకేలా వింటాయి కాబట్టి శ్లాబు ప్రతిధ్వనిని కూడా సమానంగా లాగేసుకుంటాయి. ఎత్తైన చర్చి హాల్లో అయితే రిబ్బన్లు హాయిగా వాడుకోవచ్చు. అక్కడ కూడా ఫ్యాన్ గాలి తగలకుండా చూడండి, రిబ్బన్ రేకు చాలా పల్చన.

స్టాండు పడితే

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. బూమ్ (మైకు బిగించే అడ్డకడ్డీ) ఎటు చాచారో సరిగ్గా ఆ దిక్కునే స్టాండు కాలు ఒకటి ఉండాలి. రెండు కాళ్ల సందులోంచి బూమ్ చాపితే, ఎవరి కాలికైనా కేబుల్ తగిలిందంటే స్టాండు మొత్తం కిట్ మీదికి ఒరుగుతుంది. బూమ్‌కి వెనక వైపున్న కాళ్ల మీద ఐదు కిలోల ఇసుక మూట వేయండి. కేబుల్‌ని బూమ్‌కి రెండు చుట్లు తిప్పి, స్టాండు మొదట్లో కొంచెం వదులు ఉంచండి. బిగించాక పది నిమిషాలు వదిలేసి ఎత్తు మళ్లీ కొలవండి. అరిగిన క్లచ్ (కడ్డీని పట్టి ఉంచే బిగింపు) ఉన్న బూమ్ మెల్లగా దిగుతుంది, కంటికి తెలియదు.

గట్టిగా కొట్టినప్పుడు క్రాష్ ఎంత ఊగుతుందో చేత్తో ఊపి చూడండి. ఆ అంచు మైకుకి ఒక జానెడు దూరంలోకి కూడా రాకూడదు.

స్నేర్‌కి సమాన దూరం

ఇది తప్పితే మిగతావన్నీ సరిగ్గా చేసినా లాభం లేదు. శబ్దం ఒక మిల్లీసెకనులో సుమారు 34 సెంటీమీటర్లు వెళ్తుంది. స్నేర్‌కి ఒక మైకు కంటే రెండోది 17 సెంటీమీటర్లు ఎక్కువ దూరంలో ఉంటే అర మిల్లీసెకను ఆలస్యం. రెండు ట్రాకులూ మోనోలో, అంటే ఒకే ఛానెల్‌గా, కలిపితే 1000 హెర్ట్జ్ దగ్గర స్నేర్‌కి గొయ్యి పడుతుంది. తేడా 34 సెంటీమీటర్లయితే ఆ గొయ్యి 500 దగ్గర. ఫోను స్పీకర్లో పాట వినేవాళ్లకి స్నేర్ చప్పగా అనిపించడానికి ఇదొక పెద్ద కారణం.

అందరూ చేసే పొరపాటు, రెండు స్టాండ్లూ గదికి సమానంగా, అందంగా నిలబెట్టడం. కుడిచేతి వాటం డ్రమ్మర్‌కి స్నేర్ కిట్ మధ్యలో ఉండదు, ఎడమకి జరిగి ఉంటుంది. కిక్ నుంచి స్నేర్ మీదుగా ఒక గీత ఊహించుకోండి. కిట్‌కి నడుమ అదే. ఆ ఏటవాలు గీతకి అటొకటి, ఇటొకటి మైకు పెట్టాలి. చూడ్డానికి వంకరగా ఉంటుంది, వినడానికి సరిగ్గా ఉంటుంది.

కొలవడానికి సాగని నూలు తాడు తీసుకోండి. ఒక చివర స్నేర్ నడిబొడ్డున ఒకరు వేలితో నొక్కిపట్టాలి. రెండో చివర కిక్ మీద బీటర్ (పెడల్ సుత్తి) తగిలే చోటికి దగ్గరగా, హూప్ (అంచు చట్రం) మీద టేపుతో అంటించండి. మధ్య తాడుని మొదటి మైకు క్యాప్సూల్ (శబ్దాన్ని పట్టే భాగం) దాకా లాగి, బిగువుగా ఉన్న ఆ చోట బట్టల క్లిప్పు పెట్టండి. ఇప్పుడు చివరలు రెండూ కదలనివ్వకుండా క్లిప్పు పట్టుకుని తాడుని ఫ్లోర్ టామ్ (నేల మీద కాళ్లతో నిలబడే డ్రమ్ము) వైపు తిప్పండి. క్లిప్పు గాల్లో వంపుగా ఒక గీత గీస్తుంది. ఆ గీత మీద ఎక్కడ పెట్టినా రెండో మైకు స్నేర్‌కీ కిక్‌కీ మొదటి మైకంత దూరంలోనే ఉంటుంది. కొలత క్యాప్సూల్ ఉన్న చోటికే రావాలి, మైకు ఒంటికి కాదు.

బ్రిటిష్ రికార్డింగ్ ఇంజినీర్ గ్లిన్ జాన్స్ పద్ధతిలో పెట్టేవాళ్లు, అంటే ఒకటి స్నేర్ పైన మీటరు ఎత్తులో, రెండోది ఫ్లోర్ టామ్ పక్కన స్నేర్ వైపు చూస్తూ, ఇదే తాడుతో కొలవొచ్చు. పక్కనున్న మైకుకి డ్రమ్మర్ మోచెయ్యి తగలకుండా చూడండి. ఇంత కొలిచే తీరిక లేకపోతే రెండు క్యాప్సూళ్లూ ఒకదాని మీద ఒకటి వచ్చేలా 90 డిగ్రీల కోణంలో (దీన్నే ఎక్స్‌వై అంటారు) పెట్టండి. వెడల్పు తగ్గుతుంది, మోనోలో మాత్రం మోసం చేయదు.

వాన కాలం, 48 వోల్టులు, గెయిన్

తేమ ఎక్కువున్న రోజుల్లో, ముఖ్యంగా విశాఖ, కాకినాడ లాంటి చోట్ల, కండెన్సర్ మైకులు (విద్యుత్ ఛార్జ్‌తో పనిచేసేవి) పటపటమంటాయి. క్యాప్సూల్లో చేరిన తేమ వల్ల ఛార్జ్ కారిపోతుంది. సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో దాచండి. ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి తెచ్చిన మైకుని వెంటనే బయటికి తీయకండి, డబ్బాలోనే అరగంట ఉంచండి.

మానిటర్లు మ్యూట్ చేసి, కేబుల్ రెండు వైపులా పెట్టాకే ఫాంటమ్ (కేబుల్ ద్వారా మైకుకి వెళ్లే 48 వోల్టుల కరెంటు) వేయండి. లోపల యాంప్లిఫయర్ లేని ప్యాసివ్ రిబ్బన్‌కి ఫాంటమ్ అక్కర్లేదు. తప్పుగా సోల్డర్ చేసిన కేబుల్ ద్వారా అది వెళ్లిందంటే రిబ్బన్ పోయినట్టే.

గెయిన్ (మైకు సిగ్నల్‌ని ఎంత పెంచాలన్నది) పెట్టేటప్పుడు పాటలో అన్నిటికంటే గట్టి భాగం వాయించమనండి. టేకులో డ్రమ్మర్ ఇంకా గట్టిగా కొడతాడు. 24 బిట్‌లో పీకులు (అన్నిటికంటే గట్టి దెబ్బలు) మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలు. శబ్దం చీలుతుంటే ముందు మైకు మీదున్న ప్యాడ్ (సిగ్నల్ తగ్గించే స్విచ్) వేయండి. మైకులోని సర్క్యూటే చీలుస్తుంటే ఇంటర్‌ఫేస్‌లో గెయిన్ తగ్గించి లాభం లేదు. మైకులు జరుపుతున్నంతసేపూ డ్రమ్మర్ వాయించకూడదు. మైకు జరిపేవాళ్లు సింబల్‌కి చెవి ఆనించినంత దగ్గరలో నిలబడి ఉంటారు.

ఒక నిమిషం రికార్డు చేసి, రెండు ఓవర్‌హెడ్‌లనీ మోనోలో వినండి. తర్వాత స్నేర్ మైకు కలిపి, దాని పొలారిటీ (సిగ్నల్ ప్లస్, మైనస్) తిప్పి చూడండి. ఏ వైపు స్నేర్ నిండుగా ఉంటే అదే ఉంచండి. రెండు వైపులా పల్చగానే ఉంటే తాడు మళ్లీ తీయాల్సిందే. భోజనాల విరామం తర్వాత కూడా, మొదటి టేక్‌కి ముందు, ఒకసారి తాడు పట్టండి. పని అయ్యాక ఫాంటమ్ ఆపి, ఒక నిమిషం ఆగి, అప్పుడు కేబుల్స్ పీకండి.