ఓడ ఈడబ్ల్యూ పార్టు కావాలని మెయిల్ వచ్చిందా? రేటు చెప్పేముందు ఇవి చూసుకోండి

శత్రువు రాడార్ మన ఓడ మీద పడగానే అది ఎటునుంచి, ఏ ఫ్రీక్వెన్సీలో వస్తోందో పసిగట్టి, అవసరమైతే జామ్ చేసేదే ఈడబ్ల్యూ సిస్టమ్, అంటే ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్. మన నేవీ ఓడల కోసం 'శక్తి'ని హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ ల్యాబ్ డీఎల్ఆర్ఎల్ డిజైన్ చేసింది, ప్రభుత్వ కంపెనీ బీఈఎల్ తయారు చేస్తోంది. 2021లో నేవీకి అప్పగించినప్పుడు దీని వెనక యాభైకి పైగా చిన్న పరిశ్రమలున్నాయని ప్రభుత్వమే చెప్పింది. కాబట్టి చర్లపల్లిలో చిన్న షెడ్డు నడిపేవాళ్లకి కూడా "ఈ పార్టు దొరుకుతుందా" అని మెయిల్ రావడం వింతేం కాదు.

రాగానే రేటు కోసం ఫోన్లు తిప్పకండి, ముందు నంబరు చదవండి. విదేశీ పార్టయితే చాలాసార్లు 13 అంకెల నేటో స్టాక్ నంబర్ ఉంటుంది. మొదటి నాలుగంకెలు అదేం వస్తువో చెప్తాయి: 5865 అంటే ఈడబ్ల్యూ పరికరమే, 5985 అంటే యాంటెనా, వేవ్‌గైడ్ (రేడియో తరంగాల్ని మోసే గొట్టం) లాంటివి, 5962 అంటే ఐసీ, అంటే చిప్. తర్వాతి రెండంకెలు ఆ నంబరు ఇచ్చిన దేశం (00, 01 అమెరికా, 99 బ్రిటన్). ఒకే స్టాక్ నంబర్ కింద ఇద్దరు ముగ్గురు తయారీదారుల పార్టులు ఉండొచ్చు, అందుకే తయారీదారు పార్ట్ నంబరు, చివర రివిజన్ అక్షరంతో (డిజైన్ మార్పుని చెప్పేది) సహా, అడిగి తీసుకోండి.

ఫొటో పంపితే సరిపోతుందనుకోకండి, నేను అలాగే దెబ్బతిన్నాను. కేబుల్ కనెక్టర్ ఫొటో చూసి ఎస్ఎంఏ అనే రకం అని కోట్ చేశాను, తీరా వాళ్లకి కావాల్సింది 2.92 ఎంఎం అనే ఇంకో రకం. రెండూ ఒకదాంట్లో ఒకటి బిగుస్తాయి, బయటినుంచి తేడా తెలీదు. లోపలికి తొంగి చూడండి: నడిమి పిన్ను చుట్టూ తెల్లటి టెఫ్లాన్ ఉంటే ఎస్ఎంఏ, ఖాళీగా ఉంటే అది ఎస్ఎంఏ కాదు, 2.92 లాంటిది. మామూలు ఎస్ఎంఏ 18 గిగాహెర్ట్జ్ వరకే, రెండోది 40 దాకా పనిచేస్తుంది. సరుకు మొత్తం వెనక్కొచ్చింది, రవాణా ఖర్చు మన నెత్తినే.

అసలు టెన్షన్ ఐసీలతో. ఓడ పాతికేళ్లకు పైనే తిరుగుతుంది, చిప్ తయారీ మాత్రం అంతకు చాలా ముందే ఆగిపోతుంది, అప్పుడు బ్రోకర్లే దిక్కు, నకిలీలు దూరేది అక్కడే. అమెరికా సెనేట్ కమిటీ 2012 నివేదికలో ఇలాంటి అనుమానాస్పద నకిలీల కేసులు సుమారు 1,800, పార్టులు పది లక్షలకు పైనే అని తేలింది. వచ్చిన ఐసీని మైక్రోస్కోప్ కింద పెట్టి చూడండి. పైభాగం ఒక నునుపులో, పక్క అంచులు ఇంకో నునుపులో ఉన్నా, ఒకటో పిన్ను దగ్గరి గుంట సగం పూడినట్టున్నా పాత రాతని గీకేసి మళ్లీ పూత పూశారనే అనుకోండి. దూదిపుల్లని అసిటోన్‌లో ముంచి రుద్దితే నలుపు అంటుకొస్తే ఇక మాట్లాడేదేం లేదు. అంటుకోకపోయినా మంచిదే అని కాదు, కొన్ని పూతలు అసిటోన్‌కి కదలవు, ల్యాబ్‌లో ఎక్స్‌రే తీయించాలి. చిప్ మీద ముద్రించిన డేట్ కోడ్ (తయారైన వారం) కూడా చూడండి: 0914 అంటే 2009లో 14వ వారం. ఆ చిప్ తయారీ 2006లోనే ఆగిపోయి ఉంటే డబ్బా మూసేసి వెనక్కి పంపండి.

పాత జామర్లలో ట్రావెలింగ్ వేవ్ ట్యూబులుంటాయి, సిగ్నల్ బలాన్ని పెంచే వాక్యూమ్ ట్యూబులు ఇవి. ఏళ్లు గోడౌన్‌లో పడున్న ట్యూబుకి నేరుగా హై వోల్టేజ్ ఇవ్వకూడదు, ముందు హీటర్ మాత్రమే వేసి తయారీదారు చెప్పినన్ని గంటలు వదలాలి. లోపల అయస్కాంతాలుంటాయి కాబట్టి ఇనప ర్యాకుల్లో పెట్టకండి.

పార్టు ఎక్కడా దొరక్కపోతే, మీరే చేయగలమనుకుంటే, దిగుమతి చేసుకునే రక్షణ వస్తువుల్ని ఇక్కడే చేయించడానికి రక్షణ శాఖ 2020లో మొదలుపెట్టిన సృజన్ పోర్టల్‌లో ఆ వస్తువు ఉందేమో వెతకండి. అమెరికా మిలిటరీ సరుకైతే చాలావరకు వాళ్ల ఎగుమతి లైసెన్స్ లేకుండా కదలదు, దానికి పట్టే నెలల్ని కూడా డెలివరీ తేదీలో కలిపి రాయండి.