పాత ఫైరింజను సేవకు పనికొస్తుందో లేదో తేల్చుకోవడం ఎలా?

చిన్న ఊళ్ల అగ్నిమాపక దళాల్లో, ముఖ్యంగా అమెరికాలో స్వచ్ఛంద సేవకులు నడిపే దళాల్లో, నలభై యాభై ఏళ్ల నాటి ఫైరింజను ఇంకా షెడ్డులో ఉండటం వింతేమీ కాదు. అక్కడి జాతీయ అగ్ని రక్షణ సంఘం ప్రమాణాలు 15 ఏళ్లు దాటిన బండిని రిజర్వులో ఉంచుకోమనీ, 25 ఏళ్లు దాటితే మార్చేయమనీ సూచిస్తాయి. అయినా కొత్తది కొనే స్తోమత లేని దళం పాతదాన్ని ఉంచుకోదలిస్తే, రంగునూ ఇత్తడి గంటనూ చూసి మురిసిపోకుండా పంపునూ బ్రేకులనూ చూసి నిర్ణయించుకోవాలి.

ముందుగా పంపు దగ్గర బిగించిన, ఎంత పీడనం వద్ద ఎంత నీరు తోడగలదో చెప్పే ప్లేటు చదవండి. నేటి అమెరికన్ పంపులు చదరపు అంగుళానికి 150 పౌండ్ల పీడనం వద్ద పూర్తి సామర్థ్యాన్ని, 200 పౌండ్ల వద్ద 70 శాతాన్ని, 250 పౌండ్ల వద్ద సగాన్ని ఇవ్వాలి. పాత పంపుల్లో 120 పౌండ్ల దగ్గర లెక్కగట్టినవీ ఉన్నాయి కనుక, వాటిని నేటి కొలతతో తూచి పనికిరావని తీసిపారేయడం అన్యాయమే అవుతుంది.

తర్వాత చేయవలసింది వాక్యూమ్ పరీక్ష, అంటే పంపులోకి గాలి చొరబడుతోందేమో చూడటం. సెంట్రిఫ్యూగల్ పంపు, అంటే చక్రం తిప్పి నీటిని బయటికి విసిరే పంపు, గాలిని తనంతట తాను లాగెయ్యలేదు. ప్రైమరు అనే చిన్న సహాయక పంపు గాలిని తీసేస్తే, బయటి వాతావరణ పీడనం చెరువులోని నీటిని పైకి నెడుతుంది. పంపులోని నీరంతా వదిలేసి, మూతలన్నీ బిగించి, గేజి 22 అంగుళాల పాదరసం (వాక్యూమ్‌ను కొలిచే ప్రమాణం) చూపేదాకా ప్రైమరు నడిపి ఆపండి. అయిదు నిమిషాల్లో 10 అంగుళాలకు మించి పడిపోకూడదు. పడిపోతోందంటే ఇంజను ఆపి చెవి ఒగ్గితే చాలు: డ్రెయిన్ వాల్వు దగ్గరో, సక్షన్ మూత వాషరు దగ్గరో సన్నగా బుసబుస వినబడుతుంది. ఇది గట్టెక్కాకే చెరువు దగ్గర నిలిపి, పూర్తి సామర్థ్యంతో 20 నిమిషాలు నీళ్లు తోడించాలి. సముద్రమట్టం వద్ద నీటిని పీల్చగల ఎత్తు సిద్ధాంతరీత్యా 10.3 మీటర్లే, ఆచరణలో అంత ఆశించకూడదు, నీటికి వీలైనంత దగ్గరగా బండిని నిలపాలి. పంపు నడుస్తుండగా షాఫ్టు ప్యాకింగు (తిరిగే ఇరుసు చుట్టూ నీరు కారకుండా కూరిన పట్టీ) దగ్గర చుక్క చుక్కగా నీరు కారితే కంగారుపడి నట్లు బిగించేయకండి. ఆ చుక్కలే ప్యాకింగును చల్లబరుస్తాయి. బొత్తిగా ఆపేస్తే అది మాడిపోయి షాఫ్టును గీకేస్తుంది.

బ్రేకుల విషయంలో మాత్రం ఏ సర్దుబాటూ పనికిరాదు. చాలా పాత బండ్లలో హైడ్రాలిక్ లైను ఒక్కటే. ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. 500 అమెరికన్ గ్యాలన్ల నీరే దాదాపు 1,900 కిలోల బరువు, పైగా సగం నిండిన టాంకులో అది అటూ ఇటూ కొట్టుకుంటూ మలుపుల్లో బండిని పక్కకు లాగుతుంది. అందుకే టాంకు నిండుగానో, పూర్తిగా ఖాళీగానో ఉన్నప్పుడే నడపాలి. టైర్ల గాట్లు కొత్తగా కనిపించినా ఏడేళ్లకోసారి మార్చాల్సిందే. పాత బ్రేకు లైనింగుల్లో ఊపిరితిత్తులకు హానిచేసే ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనుక ఆ దుమ్మును గాలి పంపుతో ఊదకూడదు. సింక్రోమెష్ (గేరు మార్చేటప్పుడు పళ్ల చక్రాల వేగాలను కలిపే ఏర్పాటు) లేని గేరుబాక్సుకు క్లచ్చి రెండుసార్లు తొక్కడం నేర్వని వాడికి తాళం ఇవ్వనేకూడదు.

గొట్టాల మరలు కూడా సరిపోల్చి చూడాలి. 1904లో బాల్టిమోర్ తగలబడినప్పుడు ఇతర నగరాల నుంచి సాయానికి వచ్చిన ఇంజన్ల గొట్టాలు చాలావరకు అక్కడి హైడ్రంట్లకు, అంటే వీధుల్లో మంటలార్పే నీటి కుళాయిలకు, పట్టనేలేదు. మీ బండి మరలు పొరుగు దళాల వాటితో కలవకపోతే అడాప్టర్లు సంపాదించి, బండిలోనే కట్టి ఉంచండి.

ఈ పరీక్షలన్నీ నెగ్గిన బండిని కూడా మంటల ముందుకు మొదటగా పంపడం కంటే, నీటి వనరు దగ్గర నిలిపి ముందున్న ఇంజనుకు నీరందించడానికి వాడుకోవడమే మేలని నా అభిప్రాయం; ఆ పనిలో నిలకడైన పంపు ముఖ్యం, వేగం కాదు. వెనక మెట్టుమీద మనుషుల్ని నిలబెట్టి తీసుకెళ్లడం ఊరేగింపులో కూడా వద్దు. వాడిన ప్రతిసారీ, ముఖ్యంగా గడ్డకట్టే చలి ఉన్న చోట, డ్రెయిన్ వాల్వులన్నీ తెరిచి పంపులో చుక్క మిగలకుండా వదిలేయాలి. లోపల నీరు గడ్డకడితే పోత ఇనుప కేసింగు పగిలిపోతుంది, అంత పాత పంపుకు మరో కేసింగు దొరకడం కష్టం.