కాలేజీ ఫుట్‌బాల్ నుంచి ముందుగానే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌కు వెళ్లాలంటే: దరఖాస్తు విధానం

అమెరికాలో కాలేజీ జట్టుకు ఆడే కుర్రాడు, అక్కడ ఇంకా ఆడే అవకాశం ఉండగానే ప్రొఫెషనల్ లీగ్‌కు వెళ్లాలనుకుంటే ఏం చేయాలి? ఎవరికి రాయాలి, ఎప్పటిలోగా రాయాలి, మనసు మారితే వెనక్కి రావచ్చా? ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతితో ఆడే అమెరికన్ ఫుట్‌బాల్, లీగ్ అంటే ఎన్‌ఎఫ్‌ఎల్. డ్రాఫ్ట్ అంటే ఏటా లీగ్ జట్లు కొత్త ఆటగాళ్లను రౌండ్ల వారీగా, ఒకరి తర్వాత ఒకరిని ఎంచుకునే ప్రక్రియ. తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన డల్లాస్, హ్యూస్టన్ పరిసరాల్లో ఈ ఆటకున్న పిచ్చి చెప్పనక్కర్లేదు. అబ్బాయి ఆడుతున్నా, వాడి స్నేహితుడు ఆడుతున్నా, ఈ నిబంధనలు ఇంట్లో పెద్దవాళ్లకు కూడా తెలియాలి. ఎందుకంటే నిర్ణయం తీసుకునేవాడి వయసు ఇరవై, ఇరవై ఒకటి. చుట్టూ తొందరపెట్టేవాళ్లు చాలామంది ఉంటారు.

ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. ఈ ప్రక్రియలో మొదటి సగం ఉచితం, దానివల్ల పోయేదేమీ లేదు. రెండో సగంలో ఒక్క సంతకం పడితే కాలేజీ ఆట శాశ్వతంగా ముగుస్తుంది. ఈ రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో తెలియక నష్టపోయినవాళ్లు ఉన్నారు.

ఎవరు అర్హులు

హైస్కూల్ పూర్తయ్యాక కనీసం మూడు కాలేజీ ఫుట్‌బాల్ సీజన్లు గడిచి ఉండాలి. ఆ మూడు సీజన్లూ ఆడి ఉండాలని లేదు, గడిస్తే చాలు. మొదటి ఏడాది రెడ్‌షర్ట్‌గా, అంటే మ్యాచ్‌లకు దూరంగా ఉంటూ జట్టుతో సాధన మాత్రమే చేసినా ఆ ఏడాది లెక్కలోకి వస్తుంది. 2011లో హైస్కూల్ ముగించిన జానీ మాంజియల్ కాలేజీలో రెండే సీజన్లు ఆడి 2014 డ్రాఫ్ట్‌కు వెళ్లగలిగింది ఇందుకే.

ఈ మూడేళ్ల నిబంధనను ఒకతను కోర్టులో సవాలు చేశాడు. ఒహాయో స్టేట్ రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు) మారిస్ క్లారెట్ ఒక్క సీజన్ ఆడి జట్టును జాతీయ విజేతగా నిలిపాడు. తర్వాత సస్పెండ్ అయి ఎన్‌ఎఫ్‌ఎల్ మీద కేసు వేశాడు. 2004 ఫిబ్రవరిలో కింది కోర్టు అతని వైపే తీర్పు ఇచ్చింది. అది చూసి యూఎస్‌సీ (సదర్న్ కాలిఫోర్నియా యూనివర్సిటీ) రిసీవర్ మైక్ విలియమ్స్ కూడా రెండేళ్లకే డ్రాఫ్ట్‌కు సిద్ధమై ఏజెంట్‌ను పెట్టుకున్నాడు. అదే ఏడాది మే నెలలో అప్పీలు కోర్టు తీర్పును తిరగేసింది. అప్పుడు తీర్పు రాసింది తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన సోనియా సోటోమయోర్. విలియమ్స్ మళ్లీ కాలేజీకి ఆడతానన్నా, కాలేజీ క్రీడలను నియంత్రించే సంస్థ ఎన్‌సీఏఏ ఒప్పుకోలేదు. ఇద్దరికీ ఒక సీజన్ మొత్తం పోయింది. 2005 డ్రాఫ్ట్‌లో విలియమ్స్ పదో స్థానంలో ఎంపికయ్యాడు. క్లారెట్‌ను డెన్వర్ మూడో రౌండ్‌లో తీసుకుని, సీజన్ మొదలవకముందే వదిలేసింది. కాబట్టి మూడేళ్లు నిండకపోతే దరఖాస్తు ఆలోచనే వద్దు.

ముందు అంచనా అడగండి

డ్రాఫ్ట్‌కు దరఖాస్తు చేయడానికి ముందే, నేను ఏ రౌండ్‌లో ఎంపిక కావచ్చు అని ఎన్‌ఎఫ్‌ఎల్‌నే అడగవచ్చు. దీనికోసం కాలేజ్ అడ్వైజరీ కమిటీ ఉంది. అందులో ఉండేది జట్ల జనరల్ మేనేజర్లు, ఆటగాళ్ల ఎంపిక చూసే అధికారులు, స్కౌటింగ్ (ఆటగాళ్లను చూసి అంచనా వేసే) సంస్థల అధిపతులు. ఆటగాడు నేరుగా రాయడు. విజ్ఞప్తి కాలేజీ ద్వారా వెళ్తుంది. హెడ్ కోచ్‌కు గానీ అథ్లెటిక్ విభాగంలో ఎన్‌ఎఫ్‌ఎల్ వ్యవహారాలు చూసే వ్యక్తికి గానీ చెప్పాలి.

ఒక్కో కాలేజీ నుంచి మామూలుగా ఐదుగురికే అంచనా ఇస్తారు. అంతకు మించితే కారణాలు చూసి ఒప్పుకుంటారు. పెద్ద జట్లలో ఆ ఐదు చోట్లకు పోటీ ఉంటుంది. అందుకే సీజన్ చివర జరిగే బౌల్ మ్యాచ్‌లు అయ్యాక చూద్దాంలే అనుకోకుండా నవంబరులోనే నోరు విప్పి అడగమంటాను. అడిగినంత మాత్రాన వెళ్లిపోతున్నట్టు కాదు, కాలేజీకి ఆడే అర్హతకు ఏ ఇబ్బందీ రాదు. కోచ్ ఏమనుకుంటాడో అని మొహమాటపడి ఈ అడుగు వదిలేయడం చాలా పెద్ద నష్టం.

జవాబు మూడు రకాల్లో ఒకటిగా వస్తుంది: మొదటి రౌండ్‌కు అవకాశం ఉంది, రెండో రౌండ్‌కు అవకాశం ఉంది, లేదా కాలేజీలోనే ఉండండి. డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లు ఉన్నా మూడు నుంచి ఏడు వరకు విడివిడిగా చెప్పరు. ఇది హామీ కూడా కాదు, ఎంపిక రోజున ఏ జట్టూ దీనికి కట్టుబడదు. అయినా ఆటగాడికి దొరికే అభిప్రాయాల్లో దీన్నే ఎక్కువ నమ్ముతాను. ఏజెంట్‌కు అబ్బాయి వెళ్తే కమీషన్, కోచ్‌కు అబ్బాయి ఉంటే గెలుపు. కమిటీకి అలాంటి ఆశ లేదు.

కమిటీతో పాటు, కాలేజీలో ప్రొఫెషనల్ స్పోర్ట్స్ కౌన్సెలింగ్ ప్యానెల్ ఉందేమో అడగండి. ఎన్‌సీఏఏ నియమాలే దీనికి వీలు కల్పిస్తాయి. కాంట్రాక్టు అంటే ఏమిటి, ఏజెంట్లను ఎలా పరీక్షించాలి అన్నది అర్హత పోగొట్టుకోకుండా అక్కడ మాట్లాడుకోవచ్చు.

దరఖాస్తు, గడువు

వెళ్లాలని తేల్చుకున్నాక స్పెషల్ ఎలిజిబిలిటీ (ప్రత్యేక అనుమతి) కోసం ఎన్‌ఎఫ్‌ఎల్ కార్యాలయానికి రాతపూర్వకంగా దరఖాస్తు చేయాలి. కాలేజీలో మిగిలిన అర్హతను వదులుకుంటున్నానని అందులో స్పష్టంగా ఉండాలి. గడువు జనవరి మధ్యలో పడుతుంది. కచ్చితమైన తేదీ ఏటా మారుతుంది కాబట్టి కాలేజీలో నిబంధనల అమలు చూసే కంప్లయన్స్ ఆఫీసులో కనుక్కోండి. దరఖాస్తు ఆ తేదీలోగా లీగ్‌కు అందాలి, మనం పంపిన తేదీ లెక్క కాదు. జాతీయ టైటిల్ మ్యాచ్ ఆడే రెండు జట్ల వాళ్లకు కొన్ని రోజులు అదనంగా ఇస్తున్నారు.

డిగ్రీ చేతికి వచ్చి, ఇంకా ఆడే అర్హత మిగిలి ఉన్నవాళ్ల దారి కొంచెం వేరు. వాళ్లకు ప్రత్యేక అనుమతి అక్కర్లేదు కానీ, మిగిలిన అర్హత వదులుకుంటున్నామని గడువులోగా లీగ్‌కు తెలియజేయాలి. మా వాడి చదువు అయిపోయిందిగా అని ఊరుకోకూడదు.

దరఖాస్తు అందాక లీగ్ సిబ్బంది కాలేజీ కంప్లయన్స్ ఆఫీసులతో వివరాలు సరిచూసుకుంటారు. గడువు దాటాక అనుమతి పొందినవాళ్ల పేర్లు ప్రకటిస్తారు. సోషల్ మీడియాలో ఫొటోతో పెట్టే వీడ్కోలు పోస్టుకు ఈ ప్రక్రియలో ఏ విలువా లేదు. అది పెట్టి దరఖాస్తు పంపకపోతే డ్రాఫ్ట్‌లో పేరు ఉండదు.

వెనక్కి రావాలంటే

ఎన్‌సీఏఏ నియమం ప్రకారం, డ్రాఫ్ట్ దరఖాస్తు గడువు ముగిశాక 72 గంటల్లోగా మళ్లీ కాలేజీకి ఆడతానని రాసి ఇస్తే అర్హత నిలుస్తుంది. ఈ వెసులుబాటు కాలేజీ జీవితం మొత్తంలో ఒక్కసారే. పేరు ఉపసంహరించుకుంటున్నట్టు లీగ్‌కు కూడా తెలియజేయాలి. ఆ 72 గంటలు దాటితే, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోకపోయినా కాలేజీ తలుపు తెరుచుకోదు. ఏదో ఒక జట్టు పిలిస్తే ఫ్రీ ఏజెంట్‌గా, అంటే డ్రాఫ్ట్‌తో పని లేకుండా నేరుగా చేరడమే మిగులుతుంది.

ఇక అసలు గీత ఏజెంట్. డ్రాఫ్ట్ కోసం, ప్రొఫెషనల్ కాంట్రాక్టు కోసం నాకు ప్రాతినిధ్యం వహించు అని ఒప్పుకున్న క్షణంలో కాలేజీ అర్హత పోతుంది. కాగితం మీద సంతకమే అక్కర్లేదు, నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే. ఏజెంట్ ఇచ్చే విమానం టికెట్లు, అడ్వాన్సు డబ్బు తీసుకున్నా ఇదే ప్రమాదం. ఇప్పుడు పేరు, బొమ్మ మీద వచ్చే ప్రకటనల ఆదాయం కోసం కాలేజీ ఆటగాళ్లు ఏజెంట్‌ను పెట్టుకోవచ్చు కాబట్టి టెన్షన్ ఇంకా పెరిగింది. ఒకే మనిషి రెండు పనులూ చూస్తానంటాడు, ఒకే ఫైల్లో రెండు కాగితాలు పెడతాడు. సంతకానికి ముందు ఏ కాగితమైనా కంప్లయన్స్ ఆఫీసుకు చూపించండి. వెళ్లడం ఖాయమయ్యాకే ఏజెంట్‌ను ఎంచుకోండి. ఆటగాళ్ల సంఘమైన ఎన్‌ఎఫ్‌ఎల్‌పీఏ గుర్తింపు ఉన్నవాళ్లనే తీసుకోండి. కాంట్రాక్టు మీద వాళ్ల ఫీజు 3 శాతం దాటకూడదు.

వెళ్లాలా, ఆగాలా

ఒకప్పుడు ఇది డబ్బుకూ చదువుకూ మధ్య పోటీ. ఇప్పుడు రెండు వైపులా డబ్బుంది. 2021 జులై 1 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు. 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలే నేరుగా చెల్లించడం మొదలుపెట్టాయి. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. దీని ప్రభావం దరఖాస్తుల్లో కనిపించింది. 2021 డ్రాఫ్ట్‌కు ఇలా ముందుగా వెళ్లినవాళ్లు 128 మంది, 2024లో 58 మందే.

2025 డ్రాఫ్ట్‌లో ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌ల (బంతి విసురుతూ దాడిని నడిపించేవాళ్ల) సంగతి చూడండి. కామ్ వార్డ్ 2024 జనవరి మొదట్లో డ్రాఫ్ట్‌కు వెళ్తున్నానని ప్రకటించి, గడువు దాటకముందే మనసు మార్చుకుని మయామీ యూనివర్సిటీకి మారాడు. ఒక సీజన్ బాగా ఆడాడు. తర్వాతి ఏడాది టెన్నెసీ టైటన్స్ అతన్ని మొట్టమొదటి ఆటగాడిగా ఎంచుకుంది. నాలుగేళ్లకు దాదాపు 4.88 కోట్ల డాలర్లు. టెక్సస్ యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్ క్విన్ ఎవర్స్‌కు కాలేజీలో ఇంకో ఏడాది మిగిలి ఉన్నా డ్రాఫ్ట్‌కు వెళ్లాడు. ఏడో రౌండ్‌లో, 231వ స్థానంలో మయామీ డాల్ఫిన్స్ తీసుకుంది. ఎవర్స్ చేసింది తప్పని నేను అనను, ఒంటి మీద దెబ్బల లెక్క ఆడేవాడికే తెలుస్తుంది. కానీ మొదటి స్థానానికీ ఏడో రౌండ్‌కూ ఉన్న తేడా జీతంలో మాత్రమే కాదు, జట్టు ఎన్నాళ్లు ఓపిక పడుతుందన్న దాంట్లో కూడా ఉంది.

ఇంకో ఏడాది ఆగితే రేటు పెరుగుతుందన్నది ప్రతిసారీ నిజం కాదు. యూఎస్‌సీ క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ లైనార్ట్ 2004 సీజన్ తర్వాత వెళ్లకుండా ఆగి, 2006లో పదో స్థానంలో ఎంపికయ్యాడు. స్టాన్‌ఫర్డ్‌లో ఆండ్రూ లక్ కూడా ఆగాడు, 2012లో మొదటి స్థానమే దక్కింది. మోకాలి గాయమైతే అసలు లెక్కే మారిపోతుంది. సౌత్ కరోలినా రన్నింగ్ బ్యాక్ మార్కస్ లాటిమోర్ మోకాలు వరసగా రెండు సీజన్లలో దెబ్బతింది. 2013లో నాలుగో రౌండ్‌లో ఎంపికైనా ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ ఆడకుండానే 2014లో రిటైరయ్యాడు. ఎంత జాగ్రత్తగా నిర్ణయం తీసుకున్నా గాయాన్ని ముందే ఊహించలేం. అందుకే, ఆగాలనుకునే మంచి ఆటగాడు గాయంతో డ్రాఫ్ట్ స్థానం పడిపోతే పరిహారం ఇచ్చే బీమా గురించి తప్పక కనుక్కోవాలి. నోటర్‌డేమ్ లైన్‌బ్యాకర్ జేలన్ స్మిత్ 2016 జనవరి 1న ఫియెస్టా బౌల్‌లో మోకాలు పోగొట్టుకుని, మొదటి రౌండ్ నుంచి 34వ స్థానానికి జారినప్పుడు అతనికి అలాంటి బీమా ఉంది.

జీతాల లెక్క కూడా తెలియాలి. 2011 నుంచి కొత్త ఆటగాళ్ల జీతం ఎంపికైన స్థానాన్ని బట్టి దాదాపు ముందే ఖాయమవుతుంది. 2010లో మొదటి స్థానంలో వెళ్లిన సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు హామీ సొమ్మే 5 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాది అదే స్థానంలో వెళ్లిన కామ్ న్యూటన్ కాంట్రాక్టు మొత్తం విలువ సుమారు 2.2 కోట్లు. డ్రాఫ్ట్ అయినవాళ్లకు నాలుగేళ్ల కాంట్రాక్టు, మొదటి రౌండ్ వాళ్లకు ఐదో ఏడాది పొడిగించే హక్కు జట్టుకు ఉంటుంది. మూడో సీజన్ అయ్యేదాకా జీతం పెంచమని అడగడానికి వీల్లేదు. అసలు పెద్ద డబ్బు రెండో కాంట్రాక్టులో వస్తుంది. కాబట్టి ఎంత చిన్న వయసులో లోపలికి వెళ్తే, ఆ రెండో కాంట్రాక్టు అంత చిన్న వయసులో వస్తుంది. శరీరం త్వరగా అరిగిపోయే రన్నింగ్ బ్యాక్‌లకు ఇది చాలా ముఖ్యం.

2026 సీజన్‌కు కొత్త ఆటగాడి కనీస జీతం 8.85 లక్షల డాలర్లు. వినడానికి బాగుంటుంది కానీ, అది ప్రధాన జట్టులో చోటు నిలుపుకున్నవాళ్లకే. చివరి రౌండ్లలో ఎంపికైనవాళ్లలో చాలామందికి ఆ చోటు ఖాయం కాదు.

నా అభిప్రాయం దాచను. కమిటీ మొదటి రౌండ్ అంటే వెళ్లాలి. కాలేజీలోనే ఉండమంటే, ఇంటి అవసరమో గాయాల చరిత్రో బలంగా నెడితే తప్ప ఉండాలి. రెండో రౌండ్ అన్నప్పుడే అసలు కష్టం. అప్పుడు ఆడే స్థానం, వయసు, కాలేజీ ఇస్తానన్న మొత్తం, వచ్చే ఏడాది కోచ్ ఎవరు అన్నవన్నీ కలిపి చూడాలి. కోచ్ మారుతున్నాడంటే ఆగడం ఒక కొత్త ఉద్యోగంలో చేరడంతో సమానం.

తేదీలు ఢీకొనే చోట

2026లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌ను (వేరే కాలేజీకి మారాలనుకునేవాళ్లు పేరు నమోదు చేసుకునే చోటును) జనవరి 2 నుంచి 16 వరకే తెరిచి ఉంచారు. డ్రాఫ్ట్ గడువు కూడా ఆ రోజుల్లోనే పడుతుంది. అంటే ఉన్న కాలేజీలో ఉండాలా, వేరే కాలేజీకి మారాలా, ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లాలా అన్న మూడు ప్రశ్నలకూ రెండు వారాల్లో జవాబు చెప్పాలి. డ్రాఫ్ట్ నుంచి వెనక్కి వచ్చే 72 గంటల్లో పోర్టల్ మూసేసి ఉండవచ్చు. అప్పుడు కాలేజీకి తిరిగి రావచ్చు గానీ, కాలేజీ మారడం కష్టమవుతుంది. రెండు తేదీలూ కంప్లయన్స్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తీసుకుని క్యాలెండర్‌లో పెట్టుకోండి.

గడువు తప్పిపోయాక కాలేజీ అర్హత పరిస్థితి మారినవాళ్ల కోసం వేసవిలో సప్లిమెంటల్ డ్రాఫ్ట్ అనేది ఉంది. దాన్ని నమ్ముకుని జనవరి వదిలేయవద్దు. అందులో ఒకరిని తీసుకున్న జట్టు వచ్చే ఏడాది డ్రాఫ్ట్‌లో అదే రౌండ్ ఎంపికను వదులుకోవాలి, అందుకే జట్లు ముందుకు రావు. 2019లో అరిజోనా కార్డినల్స్ ఐదో రౌండ్ ఎంపిక ఇచ్చి జేలెన్ థాంప్సన్‌ను తీసుకున్నది అలాగే.