భార్యాభర్తల ఇమిగ్రెంట్ వీసా: కాగితాలు వెనక్కి రాకుండా అమెరికా చేరడం ఎలా?

పెళ్లయిన మూడు వారాలకే మా వారు అమెరికా వెళ్లిపోయారు. నేను వెళ్లడానికి చాలా నెలలు పట్టింది. అందులో ఎక్కువ భాగం ఎవరూ ఏమీ చేయలేని క్యూ. కొన్ని నెలలు మాత్రం మేం చేతులారా తెచ్చుకున్నవే. మ్యారేజ్ సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు ‘సీహెచ్’ అని పొడి అక్షరాల్లో ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. ఆ మాత్రం అర్థం కాదా అనుకున్నాం. అర్థం కాలేదు, కాగితం వెనక్కి వచ్చింది.

క్యూను మనం తగ్గించలేం. మన ఫైలును క్యూలోంచి తీసి పక్కన పెట్టే పరిస్థితి రాకుండా మాత్రం చూసుకోగలం. ఇక్కడ రాసేదంతా దాని గురించే.

ముందు మీది ఏ క్యూనో తెలుసుకోండి

అమెరికాలో ఉన్న భర్త లేదా భార్య అక్కడి పౌరులైతే మీకు ఏడాదికి ఇన్ని వీసాలే అన్న పరిమితి లేదు. అమెరికాలో అడుగుపెట్టే రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే సీఆర్-1 వీసా మీద రెండేళ్ల గ్రీన్ కార్డ్ వస్తుంది. నిండితే ఐఆర్-1, పదేళ్ల కార్డ్.

గ్రీన్ కార్డ్ హోల్డర్లయితే మీది ఎఫ్2ఏ కేటగిరీ. దీనికి ఏటా పరిమితి ఉంది. అందుకే పిటిషన్ వేసిన తేదీ, అంటే ప్రయారిటీ డేట్, చాలా ముఖ్యం. ప్రతి నెలా వచ్చే వీసా బులెటిన్‌లో ఆ తేదీ వంతు వచ్చిందో లేదో చూసుకుంటూ ఉండాలి.

మధ్యలో మీ వారికి సిటిజెన్‌షిప్ వస్తే ఎఫ్2ఏ కేసు పౌరుల భార్యాభర్తల కేటగిరీకి మారుతుంది. దానంతట అదే మారుతుందని ఊరుకోకుండా న్యాచురలైజేషన్ సర్టిఫికెట్ కాపీ పంపి తెలియజేయాలి. ఇక్కడ చాలామంది చూసుకోని మెలిక ఒకటి ఉంది. ఎఫ్2ఏలో పిల్లలు మీ కేసుతో పాటే వెళ్లొచ్చు. పౌరుల కేటగిరీలో ఆ వెసులుబాటు లేదు, ఒక్కో బిడ్డకు విడిగా ఐ-130 పిటిషన్ వేయాలి. ఇది తెలియక తల్లికి వీసా వచ్చి బిడ్డ ఆగిపోయే కేసులు ఉంటాయి.

ఫారం ముట్టుకోకముందు పేర్ల కాగితం రాయండి

నా దృష్టిలో మొత్తం ప్రాసెస్‌లో ఎక్కువ లాభం ఇచ్చే గంట ఇదే. ఒక తెల్లకాగితం తీసుకుని పాస్‌పోర్టు, టెన్త్ సర్టిఫికెట్, బర్త్ సర్టిఫికెట్, మ్యారేజ్ సర్టిఫికెట్, ఆధార్ పక్కపక్కన పెట్టండి. ఒక్కోదానిలో మీ పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు ఎలా ఉన్నాయో అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి.

మన తెలుగువాళ్ల పేర్లు అమెరికా ఫారాలకు సరిపడేలా పుట్టలేదు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, అదీ చాలాసార్లు ఒక్క అక్షరంగానే. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసినవాళ్లు ఉన్నారు. వాళ్లకు వీసాలో పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. దాంతో అక్కడ బ్యాంకులోనూ డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులోనూ తిప్పలే. కేసు మొదలుపెట్టకముందే పాస్‌పోర్టులో సర్‌నేమ్, గివెన్ నేమ్ విడివిడిగా సరిచేయించుకోవడం మేలు. పెళ్లి తర్వాత భర్త ఇంటిపేరు పెట్టుకోవాలన్న నియమం లేదు. మార్చుకుంటే మాత్రం అన్ని చోట్లా మార్చుకోండి, సగంలో వదలొద్దు.

పుట్టిన తేదీ సంగతి అందరికీ తెలిసిందే. బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన తేదీ ఒకటి, మున్సిపాలిటీ రికార్డులో ఉన్నది ఇంకొకటి. ఫారాల్లో పాస్‌పోర్టు తేదీ రాస్తూ, తేడా ఎందుకొచ్చిందో అఫిడవిట్‌తో వివరించండి. లేదా ముందే రికార్డు సరిచేయించండి. ఇంటర్వ్యూలో అడిగాక తడబడడం కంటే ఇది నయం.

బర్త్ సర్టిఫికెట్‌లో పేరు లేకుండా ‘ఆడ శిశువు’ అని మాత్రమే ఉందా? నమోదు చేసిన మున్సిపాలిటీ లేదా పంచాయతీలో పేరు చేర్పించుకోవచ్చు. అసలు నమోదే కాకపోతే రికార్డు లేదని అదే ఆఫీసు నుంచి నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. దానికి టెన్త్ సర్టిఫికెట్, మీ పుట్టుక గురించి స్వయంగా తెలిసిన పెద్దల అఫిడవిట్లు జతచేయాలి. ఆఫీసుల చుట్టూ తిరగడానికి వారాలు పడుతుంది కాబట్టి ఈ పని ఇప్పుడే మొదలుపెట్టండి.

గుడిలో ఇచ్చిన రసీదు, శుభలేఖ పెళ్లికి సాక్ష్యాలే గానీ సబ్‌రిజిస్ట్రార్ ఇచ్చే మ్యారేజ్ సర్టిఫికెట్‌కు బదులు కావు. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిష్ అనువాదం కావాలి. తనకు రెండు భాషలూ వచ్చనీ, అనువాదం సరిగా ఉందనీ చేసినవాళ్లు సంతకం పెట్టాలి. ఆ సంతకం మీ ఇద్దరిదీ కాకుండా వేరేవాళ్లది అయితే మంచిది.

ఐ-130: మొదటి పిటిషన్

దీన్ని అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడి ఇమిగ్రేషన్ శాఖ అయిన యూఎస్‌సీఐఎస్‌కు వేస్తారు. 2024 ఏప్రిల్ 1 నుంచి ఫీజు ఆన్‌లైన్‌లో 625 డాలర్లు, కాగితం మీద 675. ఫీజులు మారుతుంటాయి కాబట్టి కట్టే రోజు అధికారిక సైట్లో చూసుకోండి. మీ వివరాలతో ఐ-130ఏ కూడా ఉండాలి. వీసా ఎక్కడ తీసుకుంటారని ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది. ఇండియాలో ఉన్న భార్యాభర్తల కేసులు సాధారణంగా ముంబై కాన్సులేట్‌కు వెళ్తాయి, అక్కడ ఆ ఊరే రాయండి. అమెరికాలోనే స్టేటస్ మార్చుకుంటామనే గడి పొరపాటున నింపితే ఆమోదం వచ్చాక కూడా ఫైలు ముందుకు కదలకపోవచ్చు.

పెళ్లి నిజమైనదని చూపించే సాక్ష్యాల విషయంలో మనవాళ్లు పెళ్లి ఆల్బమ్ మొత్తం స్కాన్ చేసి పెడతారు. రెండు వందల తలంబ్రాల ఫొటోల కంటే ఏడాది పొడుగునా సాగిన కాపురానికి గుర్తులు ఎక్కువ బరువు తూగుతాయి. ఇద్దరి పాస్‌పోర్టుల్లో ప్రయాణాల ముద్రలు, పంపుకున్న డబ్బు, నామినీగా రాసిన ఇన్సూరెన్స్, వేర్వేరు నెలల్లో ఇరు కుటుంబాలతో దిగిన కొన్ని ఫొటోలు, నమూనాగా కొన్ని కాల్ రికార్డులు చాలు. ఎవరికైనా ఇంతకుముందు పెళ్లయి ఉంటే విడాకుల డిక్రీ తప్పనిసరి.

ఆన్‌లైన్‌లో వేశాక మూడు అక్షరాలు, పది అంకెల రసీదు నంబర్ వస్తుంది. తర్వాత రోజూ పొద్దున్నే లేచి స్టేటస్ చూడడం అలవాటవుతుంది. నాకూ అయ్యింది. దాంతో టెన్షన్ పెరిగిందే తప్ప కేసు కదల్లేదు.

ఆర్‌ఎఫ్‌ఈ వస్తే, అంటే ఇంకా సాక్ష్యం కావాలని అడిగితే, కంగారు వద్దు. అది తిరస్కారం కాదు. నోటీసులో ఉన్న గడువులోపు అడిగినవన్నీ ఒకేసారి పంపాలి. ఇప్పుడు సగం, తర్వాత సగం అంటే కుదరదు. నోటీసులో ఏ వరుసలో అడిగారో ఆ వరుసలోనే సర్ది, పైన నోటీసు మొదటి పేజీ పెట్టండి.

ఎన్‌వీసీ: కేసు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే

పిటిషన్ ఆమోదం పొందితే ఫైలు న్యూ హాంప్‌షైర్‌లోని నేషనల్ వీసా సెంటర్‌కు వెళ్తుంది. వాళ్లు కేసు నంబర్, ఇన్వాయిస్ నంబర్ పంపుతారు. ఈ మెయిల్ స్పామ్‌లో పడి నెలలు గడిచిపోయినవాళ్లు ఉన్నారు. ఏడాది పాటు మీ వైపు నుంచి ఏ కదలికా లేకపోతే కేసు రద్దయ్యే ప్రమాదం ఉంది.

కట్టాల్సిన ఫీజులు రెండు: అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్‌కు 120 డాలర్లు, వీసా దరఖాస్తుకు 325. కట్టాక డీఎస్-260, అంటే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు, నింపాలి. పదహారేళ్ల వయసు నుంచి మీరు ఉన్న ప్రతి చిరునామా అడుగుతారు. ఇంటర్ హాస్టల్, ఇంజినీరింగ్ హాస్టల్, బెంగళూరులో ఫ్రెండ్స్‌తో ఉన్న గది, అన్నీ రాయాలి. అమ్మనూ పాత స్నేహితులనూ అడిగి ముందే జాబితా రాసుకోండి. ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాలూ అడుగుతారు. సబ్మిట్ కొట్టాక ఫారం లాక్ అవుతుంది, కాబట్టి ఆ బటన్ అర్ధరాత్రి నిద్రమత్తులో నొక్కొద్దు.

ఇక ఐ-864, అంటే పైన చెప్పిన అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్, మీ పోషణకు అమెరికాలో ఉన్న స్పాన్సర్ ఇచ్చే పూచీ. కాగితాలు ఎక్కువగా తిరిగొచ్చేది దీనివల్లే. స్పాన్సర్ ఆదాయం ఫెడరల్ పావర్టీ గైడ్‌లైన్‌కు, అంటే అక్కడి ప్రభుత్వం ఏటా ప్రకటించే పేదరిక పరిమితికి, కనీసం 125 శాతం ఉండాలి. 2025 లెక్కలో ఇద్దరున్న ఇంటికి అది సుమారు 26,437 డాలర్లు. ఇంటి లెక్కలో స్పాన్సర్, మీరు మాత్రమే కాదు, పిల్లలూ, ట్యాక్స్‌లో డిపెండెంట్లుగా చూపించినవాళ్లూ వస్తారు. తల్లిదండ్రులను డిపెండెంట్లుగా చూపించి, ఇక్కడ మాత్రం ఇద్దరమే అని రాస్తే తేడా పట్టుబడుతుంది. ట్యాక్స్ రిటర్న్ కాపీకి బదులు అమెరికా ఆదాయపు పన్ను శాఖ ఐఆర్‌ఎస్ నుంచి ట్రాన్‌స్క్రిప్ట్ దించుకుంటే పేజీలు తప్పిపోయే బాధ ఉండదు. సంతకం మరిచిపోవడం, పాత ఎడిషన్ ఫారం వాడడం చిన్నవిగానే కనిపిస్తాయి, కానీ మళ్లీ సమీక్ష వరుసలో నిలబడాలి.

ఆదాయం చాలకపోతే జాయింట్ స్పాన్సర్‌ను తెచ్చుకోవచ్చు. ఆ వ్యక్తి అమెరికా పౌరుడో గ్రీన్ కార్డ్ హోల్డరో అయి, అక్కడే నివసిస్తూ ఉండాలి. హెచ్-1బీ మీద ఎంత పెద్ద జీతం తీసుకునే స్నేహితుడైనా పనికిరాడు. అడిగేముందు ఒక మాట చెప్పడం మర్యాద: ఈ బాధ్యత మొహమాటానికి పెట్టే సంతకం లాంటిది కాదు, దంపతులు విడాకులు తీసుకున్నా అది పోదు.

పీసీసీ, అంటే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్ సేవ ద్వారా వస్తుంది. పదహారేళ్లు దాటాక గల్ఫ్‌లోనో సింగపూర్‌లోనో ఏడాది, అంతకుమించి ఉంటే ఆ దేశం నుంచి కూడా తేవాలి. అది తెప్పించడం వారాల పని, ముందే మొదలుపెట్టండి.

అన్నీ సరిపోయాయని ఎన్‌వీసీ చెప్పినప్పుడు ‘డాక్యుమెంటరీలీ క్వాలిఫైడ్’ అని మెయిల్ వస్తుంది. అందరూ డీక్యూ అంటారు. అక్కడి నుంచి ముంబైలో ఖాళీ దొరికేదాకా ఎదురుచూపే.

ఆలస్యమైతే ఎవరిని అడగాలి?

ముందు ఆలస్యం అవునో కాదో చూడండి. యూఎస్‌సీఐఎస్ సైట్లో ప్రాసెసింగ్ సమయాలు ఉంటాయి, ఎన్‌వీసీ తాను ఏ తేదీ కాగితాలు చూస్తోందో ప్రకటిస్తుంది. మీ తేదీ ఇంకా రాకపోతే ఎన్ని మెయిళ్లు పెట్టినా అదే జవాబు వస్తుంది. గడువు దాటితే ఆన్‌లైన్‌లో ఎంక్వైరీ పెట్టొచ్చు. తీవ్రమైన అనారోగ్యం లాంటి అత్యవసరముంటే ఆధారాలతో ఎక్స్‌పెడైట్, అంటే కేసు త్వరగా చూడమని, అడగొచ్చు. దూరంగా ఉండలేకపోతున్నామన్నది ఒక్కటే సాధారణంగా చాలదు.

తర్వాతి మెట్టు, అమెరికాలో ఉన్నవారి నియోజకవర్గ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు లేదా ఆ రాష్ట్ర సెనేటర్ ఆఫీసు. ప్రైవసీ రిలీజ్ ఫారం సంతకం పెట్టి ఇస్తే వాళ్లు మీ తరఫున అడుగుతారు. వీసా ఇప్పించే అధికారం వాళ్లకు లేదు, ఫైలు ఎక్కడ ఆగిందో మాత్రం తెలుస్తుంది. చివరి దారి ఫెడరల్ కోర్టులో మాండమస్ కేసు, అంటే ఆగిన ఫైలుపై అధికారులు నిర్ణయం తీసుకునేలా ఆదేశించమని కోరడం. గెలిచినా కోర్టు నిర్ణయం తీసుకోమంటుందే గానీ వీసా ఇమ్మనదు. 2024 జూన్‌లో మున్యోజ్ కేసులో, జీవిత భాగస్వామిని దేశంలోకి రప్పించుకోవడం పౌరుల ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కోర్టు మీద ఆశ పెట్టుకునేముందు లాయర్‌తో మాట్లాడండి. గతంలో వీసా గడువు దాటి ఉండడం, అరెస్టు, తప్పుడు సమాచారం ఇచ్చిన చరిత్ర ఉంటే మొదటి రోజే లాయర్ దగ్గరికి వెళ్లాలి.

మెడికల్, ఇంటర్వ్యూ, 221(జి)

ఇంటర్వ్యూ తేదీ వచ్చాకే మెడికల్ చేయించుకోండి, అదీ కాన్సులేట్ ఆమోదించిన డాక్టర్ల దగ్గరే. వీసా గడువు మెడికల్ గడువును దాటదు, సాధారణంగా ఆరు నెలలు. ముందే చేయించుకుంటే ఆ నెలలు వృథా. చిన్నప్పటి టీకాల కార్డు దొరికితే పట్టుకెళ్లండి, మళ్లీ పొడిపించుకునేవి తగ్గుతాయి. వేలిముద్రల అపాయింట్‌మెంట్ కూడా విడిగా ఉంటుంది, అపాయింట్‌మెంట్ లెటర్ పూర్తిగా చదవండి.

ఇంటర్వ్యూకు ఒరిజినల్స్ అన్నీ కావాలి. అక్కడ అడిగేవి మామూలు ప్రశ్నలే: ఎలా కలిశారు, ఆయన ఏం పని చేస్తారు, చివరిసారి ఎప్పుడు చూశారు. పెద్దలు కుదిర్చిన పెళ్లయితే అదే చెప్పండి. ఆ అధికారులు రోజూ వింటారు. లవ్ స్టోరీ అల్లితేనే చిక్కు.

221(జి) స్లిప్పు, అంటే వీసా ప్రస్తుతానికి ఇవ్వడం లేదని చెప్పే కాగితం, చేతికిస్తే ఏం అడిగారో అక్కడే చదవండి. కాగితం అడిగితే చెప్పిన పద్ధతిలోనే పంపాలి, ఏడాది దాటితే మళ్లీ మొదటి నుంచి. అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్ (అదనపు పరిశీలన) అని ఉంటే ఆగడమే పని. పాస్‌పోర్టు చేతికి రాకముందు ఉద్యోగానికి రాజీనామా చేయొద్దు, టికెట్ బుక్ చేయొద్దు. మా పక్కింటి ఆంటీ మూణ్ణెల్ల ముందే పచ్చళ్లు పట్టేసింది, అది వేరే సంగతి.

వీసా వచ్చాక

ప్రయాణానికి ముందు 235 డాలర్ల ఇమిగ్రెంట్ ఫీజు ఆన్‌లైన్‌లో కట్టండి, కట్టకపోతే గ్రీన్ కార్డ్ ప్రింట్ కాదు. ఎయిర్‌పోర్టులో ముద్ర పడిన ఆ వీసానే ఏడాది పాటు గ్రీన్ కార్డ్‌గా పనిచేస్తుంది. పేరు, పుట్టిన తేదీ, కేటగిరీ సరిగా ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి. సీఆర్-1 మీద వెళ్లినవాళ్లు రెండేళ్ల కార్డ్ గడువు ముగియడానికి ముందున్న 90 రోజుల్లో, కార్డ్ మీది షరతులు తీసేయమని కోరే ఐ-751 వేయాలి. కార్డ్ చేతికొచ్చిన రోజే ఆ తేదీకి ఫోన్లో రిమైండర్ పెట్టుకుని, ఇద్దరి పేర్ల మీద వచ్చే కరెంటు బిల్లులూ బ్యాంకు స్టేట్‌మెంట్లూ ఒక ఫైల్లో వేయడం మొదలుపెట్టండి.