డబ్బా మూత తీసే ముందు గోడను రుద్ది చూడండి

ఇంటి బయటి గోడలకు మీరే రంగు వేసుకోవాలనుకుంటే, ముందు పాత గోడను అరచేత్తో గట్టిగా రుద్ది చూడండి. చేతికి సున్నంలా పొడి అంటుకుంటే, ఎంత ఖరీదైన రంగు వేసినా నిలవదు. కొత్త పొర గోడను వదిలేసి ఆ పొడినే పట్టుకుంటుంది మరి! గట్టి బ్రష్షుతో తోమి, నీళ్లతో కడిగి, ఆరాక మళ్లీ రుద్ది చూడాలి. పొడి రావడం ఆగేదాకా ఇదే పని. విసుగే, కానీ నేను తొందరపడి ఒకసారి ఈ పని ఎగ్గొట్టాను; ఏడాది తిరగకుండానే పెచ్చులు లేచాయి.

లేచిన పెచ్చులు గీకేసి, అంచులను గరుకు కాగితంతో నునుపు చేయండి. ఇల్లు బాగా పాతదైతే ఆ రంగులో సీసం అనే విష లోహం ఉండవచ్చు. అందుకని పొడిగా రుద్దకుండా తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి.

గోడ ఆరిందో లేదో కంటికి తెలియదు. ఒక ప్లాస్టిక్ ముక్కను నాలుగు అంచులా టేపుతో గోడకు అతికించి 24 గంటలు వదిలేయండి. లోపలివైపు చెమ్మ పడితే ఇంకా ఆగాలి. ఎన్ని రోజులైనా చెమ్మ తగ్గకపోతే ఎక్కడి నుంచో గోడలోకి నీరు చేరుతోందన్నమాట, ముందు దాని సంగతి చూడండి. పగుళ్లు పూడ్చడం, ప్రైమరు (రంగుకు ముందు వేసే తొలి పూత) వేయడం ఆ తర్వాతే.